కొన్న ఆటే... మళ్లీ మళ్లీ!

ఘంటసాల భగవద్గీతను చాలా తెలుగిళ్లలో మూడుసార్లు కొన్నారు. తాతగారి రోజుల్లో గ్రామఫోను రికార్డు. నాన్నగారి రోజుల్లో టేపురికార్డరు వచ్చింది, క్యాసెట్ కొన్నారు. తర్వాత సీడీ ప్లేయరు వచ్చింది, సీడీ కొన్నారు. గొంతు అదే, శ్లోకం అదే, తాత్పర్యం అదే. మారిందల్లా పాడించే యంత్రమే! అయినా ఎవరూ మోసపోయామని అనుకోలేదు. రికార్డు అరిగిపోయింది, క్యాసెట్ చిక్కుపడింది, మళ్లీ కొన్నారు... అంతే.

ఇప్పుడు అవే ఇళ్లలో మనవలు ఆ పనే చేస్తున్నారు. పాటతో కాదు, వీడియోగేమ్‌తో. పదేళ్ల కిందట కొన్న ఆటనే మళ్లీ కొంటానంటే ''ఉన్నదేగా, మళ్లీ ఎందుకురా?'' అంటుంది అమ్మ. ''అది పాత మిషన్‌ది అమ్మా, దీంట్లో ఆడదు'' అంటాడు కొడుకు. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. అతను చెప్పింది నిజమైన జవాబు. కానీ ఆ జవాబు వెనకాల చాలా కథ ఉంది. పాత డిస్క్ బీరువాలో భద్రంగా ఉండగానే, గీత కూడా పడకుండానే, అది ఎందుకు పనికిరాకుండా పోయింది? అసలు మొదటిసారి డబ్బులిచ్చి కొన్నదేమిటి?

అమ్మిందే అమ్ముతూ...

వీడియోగేముల వ్యాపారంలో ఇది చిన్న సంగతేమీ కాదు. 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో-5'నే చూడండి. 2013 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360ల కోసం విడుదలైంది. ఏడాది తిరిగేసరికి 2014 నవంబరులో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లకు వచ్చింది. 2015 ఏప్రిల్‌లో కంప్యూటర్లకు వచ్చింది. 2022 మార్చిలో ప్లేస్టేషన్ 5కీ, ఎక్స్‌బాక్స్ కొత్త యంత్రాలకూ వచ్చింది. అదే నగరం, అదే ముగ్గురు దొంగలు, అవే దోపిడీలు. అన్నీ కలిపి 20 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. ఆ ఆట వచ్చిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు ఇంటర్ కూడా పూర్తిచేశాడు. ఆటకు మాత్రం గిరాకీ పోలేదు!

'స్కైరిమ్' కథ ఇంకా తమాషా. 2011 నవంబరు 11న మొదటిసారి వచ్చింది. 2016లో 'స్పెషల్ ఎడిషన్' అన్నారు. 2017లో నింటెండో స్విచ్‌కీ, కళ్లకు పెట్టుకునే వీఆర్ పరికరానికీ తెచ్చారు. సరిగ్గా పదేళ్లకు, 2021 నవంబరు 11న 'యానివర్సరీ ఎడిషన్' వచ్చింది. ఈ వరస మీద జనం జోకులు వేసుకుంటుంటే, కంపెనీ తనమీద తానే జోకు వేసుకుంది. 2018లో అమెజాన్ అలెక్సాతో నోటిమాటగా ఆడుకునే స్కైరిమ్‌ను విడుదల చేసింది. జోకనుకుంటే అది నిజంగానే పనిచేసింది! ఎన్నిసార్లు అమ్ముతారని అడిగినవాళ్లకు ఆ ఆట రూపకర్త టాడ్ హోవార్డ్ అదే ఏడాది ఇచ్చిన సమాధానం సారాంశం ఒక్కటే... మీరు కొనడం ఆపండి, మేం అమ్మడం ఆపుతాం.

'రెసిడెంట్ ఈవిల్-4' ఇంకా పాతకాపు. 2005 జనవరిలో నింటెండో గేమ్‌క్యూబ్‌కు వచ్చింది. ఆ ఏడాది చివరికే ప్లేస్టేషన్ 2కు చేరింది. 2007లో నింటెండో వీ, కంప్యూటర్లు. 2011లో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360. 2016లో వాటి తర్వాతి తరం. 2019లో స్విచ్. 2021లో వీఆర్. ఇక 2023 మార్చిలో ఆటను మొదటినుంచీ కొత్తగా తయారుచేసి మరోసారి వదిలారు. మొదటిసారి ఆడినప్పుడు కాలేజీలో ఉన్నవాళ్లు, చివరిసారి ఆడేనాటికి కాలేజీకి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు కాబోతున్నారు.

యంత్రం మారితే ఆట ఎందుకు ఆడదు?

సినిమా డీవీడీని ఏ కంపెనీ ప్లేయర్లో పెట్టినా బొమ్మ వస్తుంది. ఆటకు ఆ సౌకర్యం లేదు. సినిమా అంటే వరసగా చూపించాల్సిన బొమ్మలు. ఆట అంటే యంత్రంలోని చిప్‌కు ఇచ్చే ఆజ్ఞలు. ఒక చిప్‌కు అర్థమయ్యే భాషలో రాసిన ఆజ్ఞలు ఇంకో చిప్‌కు అర్థం కావు. కన్నడం మాత్రమే వచ్చిన మనిషికి తెలుగు ఉత్తరం ఇచ్చినట్టే!

ప్లేస్టేషన్ 3లో 'సెల్' అనే ప్రత్యేకమైన చిప్ ఉండేది. శక్తి ఎక్కువే, కానీ దాని పద్ధతే వేరు. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో మామూలు కంప్యూటర్ల కుటుంబానికి చెందిన చిప్ పెట్టారు. దాంతో ప్లేస్టేషన్ 3 డిస్కులన్నీ కొత్త యంత్రం ముందు మూగబోయాయి. ప్లేస్టేషన్ 5లోని చిప్ 4లోని చిప్‌కు దగ్గరి చుట్టం. అందుకే దాదాపు అన్ని ప్లేస్టేషన్ 4 ఆటలూ అందులో ఆడతాయి.

అలాగని పాత ఆటలను కొత్త యంత్రంలో ఆడించడం అసాధ్యమేమీ కాదు. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2లో మొదటి ప్లేస్టేషన్ ఆటలు ఆడేవి. ప్లేస్టేషన్ 3 మొదటి మోడళ్లలో ప్లేస్టేషన్ 2 చిప్‌లను కూడా అమర్చారు. తర్వాతి మోడళ్లలో ఖర్చు తగ్గించడానికి వాటిని తీసేశారు. ఎక్స్‌బాక్స్ ఇంకో దారి పట్టింది. 2015 నుంచి ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత 360 డిస్క్ పెడితే, జాబితాలో ఉన్న ఆట అయితే, యంత్రమే దానికి తగిన రూపాన్ని దింపుకొని ఆడించేది. మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. ఈ జాబితాకు కొత్త ఆటలు చేర్చడం మాత్రం 2021 నవంబరుతో ఆగిపోయింది.

అంటే, పాత ఆట ఆడకపోవడం పూర్తిగా ప్రకృతి ధర్మం కాదు. కొంత సాంకేతిక చిక్కు. కొంత ఖర్చుల లెక్క. పాత డిస్క్ ఆడితే కొత్తది కొనేదెవరు అన్న ఆలోచనకూ అందులో కొంత చోటుంది.

రంగులద్దారా... మళ్లీ తీశారా?

మళ్లీ అమ్మేవన్నీ ఒక రకం కాదు. ఇక్కడ సినిమాభాషే తేలిగ్గా అర్థమవుతుంది. పాత సినిమా ప్రింటును కొత్త థియేటర్లో వేశారనుకోండి... ఆటల్లో దాన్ని 'పోర్ట్' అంటారు. ఆట అదే, యంత్రం వేరు. 1957 నాటి 'మాయాబజార్'కు రంగులద్ది 2010లో విడుదల చేసినట్టు, ఉన్న ఆటకే మెరుగులు దిద్దితే అది 'రీమాస్టర్'. అదే కథను కొత్త నటులతో, కొత్త సెట్లతో మళ్లీ తీస్తే సినిమావాళ్ల లాగే ఆటలవాళ్లూ 'రీమేక్' అంటారు.

'ద లాస్ట్ ఆఫ్ అస్' ఈ మెట్లన్నీ ఎక్కింది. 2013 జూన్‌లో ప్లేస్టేషన్ 3 కోసం వచ్చింది. అదే ఏడాది నవంబరులో ప్లేస్టేషన్ 4 అమ్మకానికి వచ్చింది. కొత్త యంత్రంలో పాత డిస్క్ ఆడదు కదా! 2014 జులైలో రీమాస్టర్ తెచ్చారు. అంటే మొదటి ఆటకు ఏడాది దాటి నెలరోజులైందంతే. 2022 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5కు రీమేక్ వచ్చింది, 70 డాలర్లకు. మన దేశంలో 4,999 రూపాయలకు. అయిదువేలకు ఒక్క రూపాయి తక్కువ! ముఖాలు నిజమైన మనుషుల్లా ఉన్నాయి. కళ్లు సరిగా కనపడనివాళ్లు, చేతులు సరిగా కదలనివాళ్లు కూడా ఆడుకునే ఏర్పాట్లు పెరిగాయి. కథ మాత్రం అదే. 2014 నాటి రీమాస్టర్ ప్లేస్టేషన్ 5లో నిక్షేపంలా ఆడుతుంది కూడా! అలాంటప్పుడు మళ్లీ అయిదువేలు పెట్టాలా అన్న చర్చ అప్పట్లో గట్టిగానే జరిగింది. ఆ ఆటను ఎప్పుడూ ఆడనివాళ్లకు అది మంచి బేరం. రెండుసార్లు పూర్తిచేసినవాళ్లకు అంత కాదు.

కొత్త రూపం పాతదాన్ని చెడగొట్టిన సందర్భాలూ ఉన్నాయి. 2002 నాటి 'వార్‌క్రాఫ్ట్-3'ను 2020 జనవరిలో 'రీఫోర్జ్‌డ్' పేరుతో తెచ్చారు. చెప్పినన్ని మెరుగులు అందులో లేవని అభిమానులు మండిపడ్డారు. కొత్తది కొననివాళ్ల పాత ఆట కూడా ఆ మార్పుతో మారిపోయింది. కంపెనీ అడిగినవాళ్లకు డబ్బు వాపసు ఇవ్వాల్సివచ్చింది.

వైస్‌సిటీ... ఆ రోజులే వేరు!

తెలుగునాట ఈ విషయం మాట్లాడాలంటే 'వైస్‌సిటీ' ఊసెత్తకుండా కుదరదు. 2002లో ప్లేస్టేషన్ 2కూ, 2003లో కంప్యూటర్లకూ వచ్చిన ఆ ఆట హైదరాబాద్ నుంచి చిన్న పట్టణాల దాకా ఇంటర్నెట్ సెంటర్లను ఊపేసింది. గంటకింత అని కట్టి, బైకులు ఎత్తుకెళ్లి, పోలీసుల్ని పరుగులు పెట్టించినవాళ్లకు లెక్కలేదు. ట్యాంకు కావాలంటే ఏ అక్షరాలు కొట్టాలో నోట్‌బుక్కు చివరిపేజీలో రాసుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే ఆ రోజుల్లో మన దగ్గర తిరిగిన సీడీల్లో చాలామటుకు కాపీలే. అసలు ఆటను డబ్బిచ్చి కొన్నవాళ్లు తక్కువ.

ఆ ఆట 2012 డిసెంబరులో ఫోన్లకు వచ్చింది. అప్పటి కుర్రాళ్లు ఉద్యోగాల్లో కుదురుకున్నాక, తమ సంపాదనతో దాన్ని కొన్నారు. ఎప్పుడో గోడదూకి చూసిన సినిమాకు ఇన్నాళ్లకు టికెట్టు డబ్బులు కట్టినట్టు! 2021 నవంబరులో 'వైస్‌సిటీ'తో పాటు దాని ముందూ వెనకా వచ్చిన ఆటలకు మెరుగులు దిద్ది, మూడూ కలిపి 'డెఫినిటివ్ ఎడిషన్'గా అమ్మారు. అభిమానులు ఎగబడి కొన్నారు. తీరా చూస్తే బోర్డుల మీద అక్షరదోషాలు, తెరను కమ్మేసే వాన, బొమ్మల్లా బిగుసుకుపోయిన ముఖాలు. పైగా పాత ఆటలను అప్పటికే దుకాణం నుంచి తీసేశారు. గోల పెరిగాక కంపెనీ క్షమాపణ చెప్పి, కంప్యూటర్లలో పాతవాటిని మళ్లీ అందుబాటులో పెట్టింది. తప్పులు దిద్దడానికి చాలాకాలం పట్టింది.

ఈ ఉదంతంలో ఒక పాఠముంది. మళ్లీ కొనేవాళ్లు ఆటకన్నా ఆ రోజుల్ని కొనుక్కోవాలనుకుంటారు. పక్కన కూర్చుని ''అటు పోరా, పోలీసులొస్తున్నారు'' అని అరిచిన స్నేహితుడు, సమయం అయిపోతుంటే ఇంకో పావుగంట అని బతిమాలడం... అవి ఏ ఎడిషన్లోనూ రావు. ఆ సంగతి తెలిసి కొంటే తప్పులేదు. తెలియక కొంటేనే నిరాశ.

జంట ఆటలు, ఏటేటా ఆటలు

యంత్రం మారకుండానే రెండుసార్లు కొనిపించే తెలివీ ఉంది. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో 'పోకెమాన్' రెండు రూపాల్లో విడుదలైంది. ఒకటి 'రెడ్', ఇంకోటి 'గ్రీన్'. కథ ఒకటే. కానీ కొన్ని ప్రాణులు ఒకదాంట్లోనే దొరుకుతాయి, ఇంకొన్ని రెండోదాంట్లోనే. అన్నీ పోగెయ్యాలంటే రెండు గేమ్‌బాయ్‌లను వైరుతో కలిపి మార్చుకోవాలి. గోలీలూ అగ్గిపెట్టె బొమ్మలూ మార్చుకున్నట్టన్నమాట! ఆట సృష్టికర్త సతోషి తజిరి ఉద్దేశం పిల్లలు ఒకరితో ఒకరు కలవాలనే. నేస్తం ఉన్నవాడికి ఒకటి చాలు. లేనివాడికి, ఓపిక లేనివాడికి రెండూ కావాలి. ఆ తర్వాత 1998లో 'ఎల్లో' కూడా వచ్చింది. అప్పటినుంచీ ఈ జంట పద్ధతి కొనసాగుతూనే ఉంది.

ఇక క్రీడల ఆటలు. ఏటా కొత్త అంకెతో వస్తాయి. 'ఫిఫా 20' నింటెండో స్విచ్‌కు వచ్చినప్పుడు దానికి 'లెగసీ ఎడిషన్' అని పేరుపెట్టారు. ఆడే తీరులో కొత్తదనం ఉండదని, జట్లూ ఆటగాళ్లూ దుస్తులూ మాత్రం తాజాగా ఉంటాయని కంపెనీయే ముందుగా చెప్పింది. అయినా కొన్నవాళ్లు కొన్నారు. కొత్త సంవత్సరానికి కొత్త క్యాలెండర్ కొనమా!

మారియో అయితే ఈ విద్యలో తలపండినవాడు. మారియో పాత ఆటలు మూడింటిని కలిపి 2020 సెప్టెంబరు 18న స్విచ్‌కు తెచ్చారు. 2021 మార్చి 31 దాటితే అమ్మబోమని ముందే గడువు పెట్టారు. పండగ డిస్కౌంటులా ఆలోచించుకునే వ్యవధి ఇవ్వలేదు. ఆ మూడింట్లో 2007 నాటి 'సూపర్ మారియో గెలాక్సీ' ఒకటి. అదే ఆటను 2025 అక్టోబరులో రెండో భాగంతో కలిపి, అదే స్విచ్‌కు మళ్లీ తెచ్చారు!

కొన్నామనుకున్నది కొన్నట్టేనా?

ఇంతవరకూ చెప్పుకున్నది డబ్బు సంగతి. అసలు సంగతి ఇంకోటుంది. అరలోని పాత క్యాసెట్‌కు టేపురికార్డరు దొరికితే చాలు, ఈరోజు కూడా పాడుతుంది. కంపెనీ అనుమతి అక్కర్లేదు. ఆట అలా కాదు. ఇంటర్నెట్లో డబ్బుకట్టి దింపుకొన్న ఆటకు దుకాణం ఇచ్చేది సొంతహక్కు కాదు, ఆడుకునే అనుమతి. 'కొనండి' అని బొత్తం మీద రాసినా, ఎవరూ చదవని షరతుల్లో 'లైసెన్స్' అని ఉంటుంది. ఇంటికి రిజిస్ట్రేషన్ అయిందనుకుంటాం. చేతిలో ఉన్నది అద్దె కాగితం!

ఆ తేడా 2024లో అందరికీ తెలిసొచ్చింది. 'ద క్రూ' అనే కార్ల ఆట 2014 డిసెంబరులో వచ్చింది. అమెరికా అంతా కారులో చుట్టేసే ఆట. ఒంటరిగా ఆడినా సరే కంపెనీ సర్వర్‌తో సంబంధం ఉండాల్సిందే. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ ఆ సర్వర్లను మూసేసింది. డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లదే కాదు, డిస్క్ కొన్నవాళ్లదీ అదే గతి. అట్టపెట్టె ఉంది, డిస్క్ ఉంది, ఆటే లేదు. ఈసారి మళ్లీ డబ్బు పెడదామన్నా కొనడానికి అది లేదు.

దీని మీద పుట్టిందే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం. రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టాడు. ఆటను ఎల్లకాలం నడపమని ఆ ఉద్యమం అడగడంలేదు. మూసేసేముందు, కొన్నవాళ్లు సొంతంగా ఆడుకునేలా వదిలిపెట్టమంటోంది. యూరప్‌లో పెట్టిన పిటిషన్‌కు 2025 జులైలో సంతకాలు 10 లక్షలు దాటాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. ఇస్తున్నది లైసెన్స్ మాత్రమే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. అది 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. హక్కు ఇవ్వలేదు గానీ, లేదన్న నిజం చెప్పించింది.

ఆట పూర్తిగా పోకపోయినా, చేతిలో ఉండగానే మారిపోవచ్చు. 2008 నాటి 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో-4'లో కారు రేడియోలో రకరకాల పాటలు వచ్చేవి. వాటిలో కొన్నిటి హక్కుల గడువు పదేళ్లకు తీరిపోయింది. 2018లో ఒక అప్‌డేట్‌తో ఆ పాటలను తీసేశారు. డబ్బిచ్చి కొన్నవాళ్ల ఆటలోంచి కూడా! కొన్న పుస్తకంలోంచి రాత్రికిరాత్రి నాలుగు పేజీలు ఎవరో చింపుకెళ్లినట్టు.

దుకాణాలు మూతపడితే...

నింటెండో వీ యంత్రానికి 2006 నుంచి ఇంటర్నెట్ దుకాణం ఉండేది. 1985 నాటి మొదటి మారియో లాంటి పాత ఆటలు అయిదు డాలర్లకు దొరికేవి. తర్వాతి యంత్రం వీ యూ వచ్చినప్పుడు, పాత కొనుగోళ్లను దానికి తగినట్టు మార్చుకోవడానికి మళ్లీ కొంత కట్టించుకున్నారు. వీ దుకాణం 2019 జనవరిలో మూతపడింది. వీ యూ, 3డీఎస్‌ల దుకాణాలు 2023 మార్చిలో మూతపడ్డాయి. స్విచ్‌లో అవే పాత ఆటలు విడిగా కొనుక్కునే వీలు పెట్టలేదు. ఏటా చందా కట్టేవాళ్లకు చూపించారు. కొనుక్కునే రోజులు పోయి అద్దె రోజులు వచ్చాయన్నమాట.

డిస్కులూ క్యాట్రిడ్జిలూ ఉన్నాయిగా అంటారా? వాటిలోనూ మార్పొచ్చింది. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2కు కొన్ని ఆటలను 'గేమ్-కీ కార్డు' రూపంలో అమ్ముతున్నారు. చూడటానికి క్యాట్రిడ్జే. లోపల ఆట ఉండదు. డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రం ఉంటుంది. చెవి చేతిలో, ఇల్లు ఎక్కడో!

ఇంకో లెక్క చూడండి. అమెరికాలోని వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడంలేదని తేల్చింది. మిగిలినవాళ్లకు పాత యంత్రాల వేట, సెకండ్‌హ్యాండ్ బజారు, లేకపోతే దొంగకాపీ... ఇవే దారులు. ఈ లెక్క చూస్తే 'మళ్లీ మళ్లీ అమ్ముతున్నారు' అన్న ఫిర్యాదు కాస్త తిరగబడుతుంది. మళ్లీ అమ్మేది పేరున్న గుప్పెడు ఆటలనే. మిగతావాటిని మళ్లీ కొంటామన్నా ఇచ్చేవాళ్లు లేరు. ఆ గుప్పెట్లో చేరిన ఆట బతికింది. చేరనిది పోయింది.

అందరూ అంతేనా?

కాదు. మంచి పద్ధతి పాటించినవాళ్లూ ఉన్నారు. 2015లో వచ్చిన 'ద విచర్-3'కి కొత్త యంత్రాలకు తగిన మెరుగులు 2022 డిసెంబరులో వచ్చాయి. అప్పటికే ఆట ఉన్నవాళ్లకు పైసా కట్టే పని లేకుండా! 2017 నాటి 'హొరైజన్ జీరో డాన్' రీమాస్టర్ 2024లో వచ్చినప్పుడు, పాత ఆట ఉన్నవాళ్ల దగ్గర పది డాలర్లే తీసుకున్నారు. 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'ను స్విచ్ నుంచి స్విచ్ 2కు మెరుగుపరుచుకోవడానికీ దాదాపు పది డాలర్లే. మిక్సీ పాతది ఇస్తే కొత్తదానికి ధర తగ్గించినట్టు. ఇది న్యాయంగా ఉంది.

ఇద్దరు కలిసి ఆడాలంటే రెండు కాపీలు కొనక తప్పని ఆటలు చాలా ఉన్నాయి. 2021లో వచ్చిన 'ఇట్ టేక్స్ టూ' ఆ పద్ధతి వదిలేసింది. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా వచ్చి కలుస్తారు. 2008లో మొదలైన 'జీఓజీ' అనే దుకాణం కంప్యూటర్ ఆటలను తాళాలు లేకుండా అమ్ముతుంది. దింపుకొని హార్డ్‌డిస్క్‌లో దాచుకుంటే దుకాణం ఉన్నా లేకపోయినా ఆడుకోవచ్చు. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు!

మళ్లీ కొనేముందు...

* పాత డిస్క్ కొత్త యంత్రంలో ఆడుతుందేమో ముందు చూసుకోవాలి. ప్లేస్టేషన్ 5లో ప్లేస్టేషన్ 4 ఆటలు దాదాపు అన్నీ ఆడతాయి. ఇది తెలియక అదే ఆటను మళ్లీ కొంటే డబ్బు దండగ.

* యంత్రం కొనేటప్పుడే డిస్క్ పెట్టే చోటు ఉందో లేదో చూడాలి. ధర తక్కువని డిస్క్ డ్రైవ్ లేని మోడల్ తీసుకుంటే, అలమారలోని డిస్కులన్నీ అలంకారానికే. వాటిని మళ్లీ డౌన్‌లోడ్ రూపంలో కొనాల్సివస్తే, మిగిలిన డబ్బు అక్కడే పోతుంది.

* పాత ఆట ఉన్నవాళ్లకు అప్‌గ్రేడ్ ధర వేరే ఉంటుందేమో వెతకాలి. పది డాలర్లతో పోయేదానికి పూర్తి ధర కట్టక్కర్లేదు.

* పోర్టా, రీమాస్టరా, రీమేకా? పేరుచివర 'ఎడిషన్' అని ఉన్నంత మాత్రాన కొత్తదనం ఉన్నట్టు కాదు.

* ఇంటర్నెట్ లేకుండా ఆడుతుందా? ఒంటరిగా ఆడే ఆటకు కూడా సర్వర్ కావాలంటే, ఆ సర్వర్ ఆయుష్షే ఆట ఆయుష్షు.

* పాత ఆటను అమ్మెయ్యాలనిపిస్తే ఒక్క వారం ఆగాలి. సగం ధరకు అమ్మి, రెండేళ్లకు బెంగపెట్టుకుని మళ్లీ పూర్తి ధరకు కొనుక్కునేవాళ్లు తక్కువేమీ కాదు.

* విడుదల రోజే కొనాలన్న తొందర వద్దు. తప్పులు బయటపడేదీ, ధర తగ్గేదీ ఆ తర్వాతి నెలల్లోనే.

ఇవన్నీ చూసుకున్నాక కూడా కొనాలనిపిస్తే కొనుక్కోవచ్చు. చిన్నప్పుడు తను ఆడిన ఆటను కూతురి పక్కన కూర్చుని ఆడించాలనుకునే తండ్రికి ఆ నాలుగువేలు బరువనిపించవు. మంచి ఆటను నిలబెట్టేది కూడా మళ్లీ కొనేవాళ్లే. రెండోసారి కొనడంలో తప్పులేదు. మొదటిసారి ఏం కొన్నామో తెలియకపోవడమే తప్పు.

మిక్సీ కొన్నా, ఫ్యాను కొన్నా ''గ్యారంటీ ఎన్నేళ్లు?'' అని అడగందే జేబులోంచి డబ్బు తియ్యరు మనవాళ్లు. అయిదువేలు పోసి ఆట కొనేటప్పుడు మాత్రం ఆ మాట ఎవరి నోటా రాదు. ఇకనుంచి అడగడం మొదలుపెడితే మంచిది. ఇది ఎన్నేళ్లు ఆడుతుంది?